కాటునకు ముందు మందు

వచ్చునో రాదో తెలియని కీడునకై నేఁడు చేతనున్న ధనమును వెచ్చించుట వివేకమా, లేక భయమా? గృహస్థులు నిత్యమును ఎదుర్కొను ప్రశ్నలలో ఇది యొకటి. వానకాలమునకు ముందే యింటికప్పు నేయించుకొనువాఁడును, కఱవు రాకముందే గాదె నింపుకొనువాఁడును, జీవితబీమా కట్టువాఁడును దీనికి తమతమ రీతిని ఉత్తరము చెప్పుచునే యున్నారు. వాన ప్రతియేఁడును వచ్చును గనుక కప్పు నేయించుటలో సంశయమునకు చోటు లేదు. కాని కీడు మిక్కిలి యరుదైనదియు, వచ్చెనేని మిక్కిలి ఘోరమైనదియు నైనచో మన సామాన్యపు తూనికరాళ్లు చాలవు. అట్టి కీడులలో రేబీస్ వ్యాధి యొకటి. దూరప్రయాణము చేయువారు కాటు పడకముందే ఆ వ్యాధికి టీకా వేయించుకొనవలయునా, అక్కఱలేదా యను విషయమును ఈ వ్యాసమున విచారింపఁ బూనితిమి.

ఇది వైద్యులు తేల్పవలసిన సంగతి కాదా యని కొందఱు అడుగవచ్చును. టీకా యేమి చేయునో, ఎంతకాలము పనిచేయునో చెప్పుట వైద్యుని పని. దాని వెల మన కుటుంబమునకు భారమా కాదా, మన బిడ్డలయెడ మనకు గల బాధ్యత యెంత, మనము పోవు నూరి ప్రజలయెడ మనకు గల ఋణ మేమి యను ప్రశ్నలకు వైద్యశాస్త్రమున సమాధానము దొరకదు. అవి ధర్మవిచారమునకు లోఁబడినవి. పైగా నేఁడు తెలుఁగువారి యిండ్లలో ఈ ప్రశ్న గడపదాఁక వచ్చినది. అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా దేశములలో స్థిరపడిన మనవారు సెలవులలో బిడ్డలను వెంటఁబెట్టుకొని అమ్మమ్మల యిండ్లకును నాయనమ్మల యిండ్లకును వచ్చుచున్నారు. ఆ బిడ్డలు వీధికుక్కల నెఱుఁగరు. కనఁబడిన ప్రతి కుక్కపిల్లయు తమ పొరుగింటి పెంపుడుకుక్క వంటిదే యని వారి నమ్మకము.

ముందుగా వ్యాధిస్వరూపమును తెలిసికొందము. ఈ వ్యాధి సోఁకిన కుక్క, పిల్లి, కోఁతి, నక్క మొదలగు జంతువుల చొంగలో దానిని కలిగించు వైరస్ అను సూక్ష్మజీవి యుండును. అది కాటువలన గాని, గోటిగీఱువలన గాని, పగిలిన చర్మమును జంతువు నాకుటవలన గాని దేహమున ప్రవేశించి, నరముల వెంట మెల్లగా మెదడువైపు ప్రయాణము చేయును. ఈ ప్రయాణమునకు సామాన్యముగా రెండు మూఁడు నెలలు పట్టును. ఒక్కొక్కప్పుడు వారము దినములే చాలును, ఒక్కొక్కప్పుడు ఏఁడాదియు దాఁటును. ముఖముమీఁదను తలమీఁదను పడిన కాటు మెదడునకు సమీపము గనుక త్వరగా ముంచుకొని వచ్చును. మెదడును చేరిన పిదప నీరు త్రాగఁబోయినచో గొంతు బిగుసుకొనుట, గాలి తగిలినచో వణఁకుట మొదలగు లక్షణములు కనఁబడును. అటుపిమ్మట బ్రదికినవారు ప్రపంచమందంతటను కొలఁదిమందియే. 2004లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున నొక బాలిక టీకా లేకయే బ్రదికినపుడు వైద్యలోకము విస్తుపోయినది. ఆ చికిత్సనే తరువాత పెక్కుచోట్ల ప్రయోగించి చూడఁగా ఆశించిన ఫలము కలుగలేదు. కావున లక్షణములు పొడచూపిన రేబీస్ మరణమే యని తలఁపవచ్చును.

ప్రపంచమున ఏఁటేఁట దాదాపు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారని అంచనా. ఆ మృతులలో అత్యధికులు ఆసియా, ఆఫ్రికా ఖండములవారు. ఇంచుమించు నూటికి నలువదిమంది పదునైదేండ్లు నిండని పిల్లలు. మనుష్యులకు వచ్చు రేబీసులో నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కల వలననే వచ్చుచున్నది. భారతదేశమున ఏఁటికి ఇరువదివేల మరణములు కలవని చాలకాలము చెప్పుకొనుచుండిరి. 2022–23 సంవత్సరములలో భారతీయ వైద్యపరిశోధనామండలివారు ఇల్లిల్లు తిరిగి జరిపిన పరిశీలన ఆ సంఖ్య 5,700కు సమీపమున నున్నదనియు, జంతువుల కాటులు మాత్రము ఏఁటికి 91 లక్షల వఱకు నున్నవనియు తెలిపినది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. కాటు పడినవారిలో నత్యధికులు బ్రదుకుచున్నారు. చనిపోవువారిలో పెక్కురు సకాలమున సరియైన వైద్యము పొందియుండినచో బ్రదికియుండెడివారే.

ప్రాచీనులు ఈ వ్యాధి నెఱుఁగనివారు కారు. సుశ్రుతసంహితయందలి కల్పస్థానమున వెఱ్ఱిజంతువుల కాటును, జలత్రాస మను పేర నీటిభయమును వర్ణించి, ఆ లక్షణము మరణచిహ్నమని చెప్పఁబడినది. దీనికి మొదటిసారిగా మనుష్యుఁడు ఎదురు నిలిచినది 1885 జూలై 6వ తేదీన. ఆ నాఁడు పారిసు నగరమున లూయీ పాశ్చరు, వెఱ్ఱికుక్క కఱచిన తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరను బాలునికి తన టీకా వేయించెను. బాలుఁడు బ్రదికెను. మన దేశమున 1900లో కసౌలీయందును, 1907లో కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసినవి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో గొఱ్ఱెమెదడునుండి తయారుచేసిన టీకాయే మన తాతల నాఁటినుండి బొడ్డుచుట్టు పదునాలుగు సూదు లని పేరుపడి జనులను భయపెట్టినది. అది పెక్కుమందిని కాపాడినమాట నిజమే. కాని దానివలన నరములు పడిపోయి అవిటివా రైనవారును కలరు. 2005 నాటికి భారతదేశమున దాని వాడుక మానిరి. ఇప్పటి టీకాలు ప్రయోగశాలయందు పెంచిన కణములనుండి తయారగునవి, చేతికి వేయునవి, నిర్జీవమైన వైరస్ గలవి. పాతసూదుల భయమును క్రొత్తటీకాకు అంటఁగట్టుట న్యాయము కాదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. కాటు పడినవానికి మూఁడు పనులు కావలయును. మొదటిది, గాయమును వెంటనే సబ్బుతోను ధారగా పడు నీటితోను పావుగంటసేపు కడుగుట. రెండవది, టీకా. మన దేశపు పద్ధతి ననుసరించి చర్మములోనికి వేయునపుడు కాటు పడిన దినమున, మూఁడవ, ఏడవ, ఇరువదియెనిమిదవ దినములలో వేయుదురు. కండలోనికి వేయు పద్ధతిలో పదునాలుగవ దినమునఁ గూడ నొకటి వేసి ఐదు మోతాదులు పూర్తిచేయుదురు. మూఁడవది, గాయము చర్మమును చీల్చి రక్తము వచ్చినచో, ఇమ్యునోగ్లోబ్యులిన్ అను సీరమును గాయము లోపలను చుట్టును ఎక్కించుట. టీకా వేసిన వెంటనే దేహమున రక్షణ పుట్టదు. దానికి వారము పదిదినములు పట్టును. ఆ నడుమ శత్రువును గాయమునందే యాపుటకు సిద్ధముగా నున్న సేన యే సీరము.

ముందే టీకా వేయించుకొన్నవాని సంగతి వేఱు. ఏడుదినముల యెడముతో రెండు మోతాదులు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో నిర్ణయించినది. అట్టివానిని కుక్క కఱచినచో వాఁడును గాయమును కడుగవలసినదే, వాఁడును వైద్యునికడకు పరుగెత్తవలసినదే. కాని వానికి సీరము అక్కఱలేదు. మఱి రెండు మోతాదుల టీకా, ఆ దినమున నొకటి, మూఁడవ దినమున నొకటి, చాలును. వాని దేహము శత్రువును ఇదివఱకే యెఱుఁగును గనుక రక్షణ శీఘ్రముగా మేల్కొనును.

ఇచ్చట పాఠకులు ఒక విషయమును గుఱుతింపవలయునని మా ప్రార్థన. కాటునకు ముందు వేయించుకొను టీకాతో మనము కొనునది ప్రాణమును గాదు, వెసులుబాటును మాత్రమే. టీకా లేనివాఁడును సకాలమున చికిత్స దొరకినచో బ్రదుకును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వ్యర్థమని మన సామెత. రేబీస్ విషయమున మాత్రము, కాలిన వెంటనే పట్టుకొన్నచో, ఆకులు పనిచేయును. కావున విచారింపవలసినది, మనము పోవుచోట ఆ యాకులు దొరకునా, ఎన్ని గంటలలో దొరకును, అన్నియు దొరకునా యను విషయము. ఈ మాట మఱచి, టీకా వేయించుకొననివాఁడు చచ్చుననియు వేయించుకొన్నవాఁడు చావఁడనియు వాదించుట రెండువిధములను పొరపాటే.

ఇఁక వ్యయమును చూతము. రేబీస్ గల దేశములలో నొక నెల గడపు యాత్రికులలో సగటున వేయింటికి నలుగురు జంతువుల కాటునకో గీఱునకో గుఱి యగుచున్నారని 2012లో ప్రకటితమైన యొక సమీక్ష తేల్చినది. అమెరికాలో ఈ టీకా యొక్కొక్క మోతాదు వందల డాలర్ల వెల గలది. లెక్క కొఱకు రెండు మోతాదులకు 800 డాలర్లనుకొందము. వేయిమంది యాత్రికులకు ఎనిమిది లక్షల డాలర్లు వ్యయమగును. వారిలో కాటు పడువారు నలుగురు. అనఁగా కాటు పడిన యొక్కొక్కనికి సీరము అక్కఱలేకుండఁ జేయుటకు రెండు లక్షల డాలర్లు వెచ్చించినట్లు. కఱచిన కుక్కలలోను వ్యాధి గలవి కొన్నియే. ఈ లెక్క చూచినవాఁడు ఇది ధనవంతుల విలాస మనుటలో వింత లేదు.

అదే లెక్కను మన దేశమున వేయుదము. ఇచ్చట టీకాబుడ్డి కొలఁది వందల రూపాయలకే దొరకును. రెండింటికి 800 రూపాయ లనుకొన్నచో వేయిమందికి ఎనిమిది లక్షల రూపాయలు. కాటు పడిన యొక్కొక్కనికి రెండు లక్షల రూపాయలు. అంకె లవే, నాణెము మాఱినది. చర్మములోనికి వేయు పద్ధతిలో ఒక బుడ్డి మందు పలువురికి సరిపోవును గనుక వ్యయ మింకను తగ్గును. కావున ఈ టీకా లాభమా నష్టమా యను ప్రశ్నకు ఒక్కటే సమాధానము లేదు. ఏ దేశమున కొనుచున్నాము, ఎవరి చేతినుండి ధనము పోవుచున్నది యనుదానినిబట్టి సమాధానము మాఱును. ఇంటిల్లిపాదికి మూఁడువేల డాలర్లు పెట్టలేని యుద్యోగి యొకఁడు ఈ టీకాను మానుకొన్నచో వానిని అజాగరూకుఁ డని నిందింప మేము సాహసింపము. ఆ ధనముతో వాఁడు తప్పక తీర్చవలసిన అవసరములు వేఱే యుండవచ్చును.

అయినను కేవలము అంకెలచేతనే ధర్మము తేలదు. రెండు వైపులనుండియు రెండు ఆక్షేపణలు కలవు. మొదటిది, ఈ మరణము ఇతర మరణముల వంటిది కాదనునది. తెలివి యుండఁగనే నీటికి వెఱచుచు, దాహముతో చచ్చు చావును, దానిని చూచుచు ఏమియుఁ జేయలేని తల్లిదండ్రుల దుఃఖమును ఏ నాణెముతో కొలువవలయునని వారి ప్రశ్న. ఈ మాటలో బలము కలదు. అరుదైన దైనను, తిరిగిరాని నష్టమును తిరిగివచ్చు నష్టములతో నొక్క త్రాసులో నుంచి తూఁచుట సరికాదు. పోయిన ధనము మరల సంపాదింపవచ్చును.

రెండవ యాక్షేపణ దీనికి విరుద్ధమైనది. ఘోరత్వమునే కొలబద్దగాఁ గొన్నచో భయమునకు అంతముండదు. ప్రయాణమున ప్రాణములు తీయు కారణములలో రహదారి ప్రమాదములు ముందువరుసలో నున్నవి. బిడ్డకు రేబీస్ టీకా వేయించి, ఆ బిడ్డనే శిరస్త్రాణము లేకుండ మోటారుసైకిలుపై ముందు కూర్చుండఁబెట్టుకొని బజారునకు పోవు తండ్రి జాగరూకుఁడా? కారులో బెల్టు కట్టుటకు పైస వ్యయము లేదు. భయము వినసొంపైన కథలను వెదకును; వివేకము ఎక్కువమందిని చంపునదానిని వెదకును. కావున రేబీస్ భయమును ఇతర జాగ్రత్తలకు బదులుగాఁ గాక, వానికి తరువాతిదానిగా నుంచుకొనవలయునని మా యభిప్రాయము.

ఈ రెండు వాదములను సమన్వయించి చూచినచో, టీకా యెవరికి ముఖ్యమో నిర్ణయించుటకు కొన్ని గుఱుతులు దొరకును. హైదరాబాదునకు వచ్చి పదిదినములుండి పోవువానికి నారాయణగూడలోని వ్యాధినివారణ వైద్యసంస్థ కొన్ని మైళ్ల దూరముననే కలదు. అతఁడు కాటు పడిన నాఁడే చికిత్స పొందఁగలఁడు. అతనికి ముందు టీకా యుత్తమమే గాని అత్యవసరము కాదు. మన్యపు కొండలలో నెలల తరబడి పనిచేయు నుపాధ్యాయునికి, హిమాలయములలో కాలినడకన పోవువానికి, ఆఫ్రికాదేశపు పల్లెలలో సేవచేయఁబోవు విద్యార్థికి సీరము ఒక దినము దూరమో రెండు దినముల దూరమో యుండవచ్చును. అట్టివారికి అది అత్యవసరము. జంతువులతో పనిచేయు పశువైద్యునికి సందేహమే లేదు. జపాను వంటి దేశములకు పోవువాఁడు కుక్కకాటునకై ఈ టీకా వేయించుకొనుట నిరర్థకము. అచ్చట 1957 తరువాత స్వదేశపు జంతువులలో ఈ వ్యాధి లేదు. దూరమును మైళ్లలోఁ గాక, కాటునకును సూదికిని నడుమ పట్టు గంటలలో కొలువవలయును.

బిడ్డల విషయము ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. పెద్దవాఁడు తన ప్రాణమును తాను పణముగా నొడ్డవచ్చును. తన లెక్క తాను వేసికొనవచ్చును. బిడ్డకు ఆ స్వాతంత్ర్యము లేదు. బిడ్డ పొట్టిగా నుండుటచే కాటు ముఖమునకో మెడకో తగులును. అంతకంటె ముఖ్యమైనది, బిడ్డ చెప్పదు. కుక్క తోఁక లాగినందుకు తిట్టుదురను భయముచే గోటిగీఱును చొక్కాక్రింద దాఁచును. చెప్పని కాటునకు ఎంత గొప్ప వైద్యశాల సమీపమున నున్నను ప్రయోజనము లేదు. కావున ధనము పరిమితమై, ఇంటిలో కొందఱికే టీకా వేయింపఁగలిగినచో బిడ్డలకే ముందు వేయించుట న్యాయము. అంతకంటెను ముందు, ధనము లేని టీకా యొకటి కలదు. కుక్క కఱచినను గీఱినను నాకినను వచ్చి చెప్పినచో తిట్టమని బిడ్డలకు మాట యిచ్చి, ఆ మాటను నిలుపుకొనవలయును. తల్లిదండ్రుల కోపము వలన దాఁపబడిన గాయములలో ఒక్కటియైనను ప్రాణము తీయవచ్చునని గృహిణులు మఱువరాదు.

స్వగ్రామమునకు వచ్చువాఁడు తన్ను యాత్రికునిగా నెంచుకొనఁడు. తాను పుట్టిన యూరిలో తనకేమి భయమని యతని ధైర్యము. తాను చిన్ననాఁడు కుక్కలనడుమనే తిరిగితి ననును. నిజమే, కాని తిరిగినవారిలో బ్రదికినవారే ఈ మాట చెప్పఁగలరు. చనిపోయిన తోడివారి సాక్ష్యము మనకు వినఁబడదు.

ఇఁక న్యాయమునకు సంబంధించిన ప్రశ్న. సీరమును గుఱ్ఱపురక్తమునుండియో మనుష్యరక్తమునుండియో తీయవలయును గనుక అది ప్రపంచమున పెక్కుచోట్ల కొఱఁతగా నున్నది. 2017 మొదలు మన దేశమున ప్రయోగశాలలో తయారైన ప్రతిరక్షకములు వాడుకలోనికి వచ్చి కొంత మేలు చేసినను కొఱఁత పూర్తిగా తీఱలేదు. సీరము పరిమాణమును శరీరపు బరువునుబట్టి లెక్కింతురు. 60 కిలోల మనుష్యునికి లెక్కకు వచ్చు సీరము 20 కిలోల బిడ్డలు ముగ్గురికి సరిపోవును. మాఱుమూల వైద్యశాలలో నున్న కొద్దిపాటి సీరమును, టీకా వేయించుకొని రాఁదగియు రాని యాత్రికుఁడు తన ధనబలముచే తీసికొన్నచో, ఆ సాయంకాలము వచ్చిన పల్లెబిడ్డకు మిగులున దేమి? ఆ యాత్రికుఁడు దొంగ కాఁడు. అతని ప్రాణమును విలువైనదే. కాని ఆ యవసరమును ముందే తొలఁగించుకొను శక్తి అతనికుండెను, బిడ్డకు లేదు. ఈ దృష్టితో చూచినచో స్తోమత గలవాఁడు వేయించుకొను టీకా కేవలము స్వార్థము కాదు. అతిథిగా పోవువాఁడు తన చాపను తాను తెచ్చుకొనుట వంటిది.

దీనికి మఱియొక ముఖమును కలదు. టీకాయే కొఱఁతగా నున్నచోట, కాటు పడని యాత్రికుఁడు కాటు పడినవానికంటె ముందు నిలువరాదు. కఱవునాఁడు ఆఁకలిగొన్నవాఁడు తిన్న తరువాతనే ప్రయాణపు చద్ది కట్టుకొనవలయును. కావున టీకాను సమృద్ధిగా దొరకు తన యూరిలో, బయలుదేరుటకు ముందే వేయించుకొనుట యుచితము. పోయినచోట కొనుట యుచితము కాదు.

టీకా వేయించుకొన్నవానికి గల ప్రమాద మొకటి చెప్పవలయును. అది టీకావలన వచ్చు స్వల్పజ్వరము గాని చేతినొప్పి గాని కాదు. అవి రెండు దినములలో పోవును. తనకిఁక భయము లేదను భ్రమయే ఆ ప్రమాదము. టీకా కలదని గాయమును కడుగనివాఁడును, తరువాతి రెండు మోతాదులు వేయించుకొననివాఁడును, డబ్బు పెట్టి అపాయమును కొనితెచ్చుకొన్నవాఁడు. టీకా లేనివానికి గల ప్రమాదము వేఱు: చిన్నగాయమును తృణీకరించుట. 2018లో ఇంగ్లండువాసి యొకరు మొరాకోదేశమున పిల్లి కఱచుటచేతను, 2019లో నార్వేదేశపు యువతి యొకతె ఫిలిప్పీను దీవులలో తాను చేరఁదీసిన కుక్కపిల్ల వలనను, 2025లో ఇంగ్లండు స్త్రీ యొకతె మొరాకోలోనే కుక్కపిల్ల గీఱుటచేతను మరణించిరి. చివరి యిద్దఱి విషయమున గాయము లల్పములు, జంతువులు పసివి. భయము కలిగించున దేదియు లేదు. అందువలననే అవి ప్రాణాంతకము లైనవి. ఉఱికివచ్చు వెఱ్ఱికుక్కను చూచి ఎవఁడైనను వైద్యుని వెదకును. ముద్దుగా కొఱికిన కుక్కపిల్లను చూచి వెదకువారు అరుదు. తిరుమల మెట్లదారిలో కోఁతులకు అరఁటిపండ్లు పెట్టు భక్తులును ఈ మాట గుఱుతుంచుకొనవలయును.

మనలో కొందఱు వ్రాసిపెట్టినది తప్పదని దీనినంతయు త్రోసివేయుదురు. కాశికి పోయినవాఁడు కాటికి పోయినవానితో సమాన మని పూర్వు లనినమాట వాస్తవమే. ఆ కాలమున దారిలో దొంగలును కలరాయు నుండఁగా చేయఁగలిగిన దేమియు లేకుండెను; కనుక ఆ మాట వారికి ధైర్యము నిచ్చినది. చేయఁగలిగినది యున్న కాలమున అదే మాట సోమరితనమునకు ముసుఁగగును. గాయముమీఁద కారమో సున్నమో పెట్టి, తాయెత్తు కట్టించుకొని, నాటుమందు మ్రింగి దినములు గడపుటయు ఇట్టిదే. విధి మన చేతిలో లేకపోవచ్చును. సబ్బును నీళ్లును మన చేతిలోనే యున్నవి.

చివరకు అన్నిటికంటె పెద్ద ప్రశ్న మిగిలియున్నది. యాత్రికుఁడు టీకా వేయించుకొని వచ్చి, క్షేమముగా తిరిగిపోవును. వాని విమాన మెగిరిన తరువాతను ఆ కుక్క ఆ వీధిలోనే యుండును; ఆ వీధిబిడ్డలును అచ్చటనే యుందురు. వీధి కాలుచుండఁగా తన యింటిగోడను మాత్రము తడుపుకొనుట తప్పు కాదు గాని అది చాలదు. కుక్కలలో నూటికి డెబ్బదింటికి టీకా వేసినచో వానిలో వ్యాధి వ్యాప్తి యాఁగిపోవునని పెక్కుదేశముల యనుభవము. ఒక కుక్కకు టీకా వేయుటకు కొలఁది డాలర్లు చాలును. అమెరికాలో నొక యాత్రికుని టీకాల వెలతో ఒక చిన్న పల్లెయందలి కుక్కలన్నిటికి వేయవచ్చును. ఇది కలలోని మాట కాదు. గోవా రాష్ట్రమున ఏండ్ల తరబడి కుక్కలకు టీకాలు వేసి, బడిపిల్లలకు బోధించిన ఫలముగా 2021లో ఆ రాష్ట్రము రేబీస్ నియంత్రిత ప్రాంతముగా ప్రకటితమైనది. కుక్కలవలన వచ్చు మానవ రేబీస్ మరణములను నిర్మూలించినదని 2019లో ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపు పొందిన మొదటి దేశము మెక్సికో. పెరూ దేశమున అమెజాను అడవులలో రక్తము పీల్చు గబ్బిలముల బాధ గల పల్లెవాసులకు ప్రభుత్వమువారే ముందు టీకాలు వేయించిరి. ముందు టీకా యాత్రికుని సొత్తు మాత్రమే కానక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

కావున మా నిర్ణయమును సంగ్రహముగా చెప్పుచున్నాము. చికిత్స కొన్ని గంటలలో దొరకు నగరమునకు కొలఁది దినములకై పోవు పెద్దవానికి, వెల భారమైనచో, ఈ టీకా మానుకొనుట దోషము కాదు. కాని పోవుచోట సీరము గల వైద్యశాల యేదో తెలిసికొనకుండ బయలుదేరుట దోషమే. మాఱుమూలలకు పోవువారికిని, నెలల తరబడి యుండువారికిని, పల్లెలకు వచ్చు బిడ్డలకును వేయించుట వివేకము. స్తోమత గలవారికి కర్తవ్యము. వేయించుకొన్నను వేయించుకొనకున్నను గాయమును పావుగంట కడుగుట, ఆనాఁడే వైద్యుని చూచుట యెల్లరకును తప్పని విధి. ఇక స్వగ్రామమునకు వచ్చు మన ప్రవాసబంధువులకు ఒక మనవి. బిడ్డల టీకాలకై వెచ్చించు ధనములో పదియవవంతైనను ఊరికుక్కల టీకాలకై పంచాయతీవారితోను పశువైద్యునితోను మాటాడి వినియోగించినచో, మీ బిడ్డలతోఁబాటు వారితో ఆడుకొను బిడ్డలును కాపాడఁబడుదురు. వచ్చు సంవత్సరము మరల వచ్చునప్పటికి ఆ వీధి మీకును వారికిని సమానముగా నిర్భయమైనదిగా నుండును.